మైనం కరిగి, గాజు నిలిచి

మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ ప్లాస్టర్, సిలికా పొడి కలిపి పోస్తారు. ఆవిరి పట్టిస్తే మైనం కారిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాటాక గాజు మెత్తబడి, తేనెలా అందులోకి దిగుతుంది.

నేర్చుకునేవాళ్లకు అసలు చదువు ఆ తర్వాతే. తొందరగా చల్లారిస్తే లోపలి ఒత్తిడికి గాజు పగులుతుంది. అందుకే మందపాటి బొమ్మను రోజుల తరబడి, ఒక్కోసారి వారాలపాటు చల్లారుస్తారు. కొలిమి తలుపు తెరవాలని చేయి ఎంత దురద పెట్టినా ఆగాలి.

ఫ్రాన్స్‌లో గాజు కళాకారుడు రెనె లాలిక్ మైనం కరిగించే పద్ధతిలో చేసిన కొన్ని పాత్రల మీద, మైనాన్ని నొక్కిన వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. యంత్రం తీసిన నున్నటి గాజు కంటే నాకు ఆ ముద్రలే ముద్దు. ఇక గాజు చల్లారాక, ప్లాస్టర్ అచ్చు పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు. ఆపైన రుద్దుడు పని ఎలాగూ ఉంది!