ఆవ చేలో తెల్ల తుప్పు: ఖర్చు తగ్గే నివారణ

ఆవ పంటకు చలికాలంలో సోకే ముఖ్యమైన తెగుళ్లలో తెల్ల తుప్పు ఒకటి. రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో అక్టోబరులో విత్తిన చేలపై చలి ముదిరాక ఇది కనబడుతుంది. ఆకు తడి ఆరక, చల్లదనం వీడని రోజుల్లో వేగంగా పాకుతుంది.

మొదట ఆకు అడుగున మీగడ రంగు పొక్కులు లేస్తాయి. వాటికి సరిగ్గా పైన ఆకు పసుపుబారుతుంది. పూతకు సోకితే పూగుత్తి ఉబ్బి, వంకర్లు తిరిగి జింక కొమ్ములా మారుతుంది. అందులో గింజ కట్టదు. దిగుబడికి పెద్ద దెబ్బ ఇక్కడే.

తెగులును కలిగించే అల్బూగో కాండిడాను శిలీంద్రాలతో కలిపి చెప్పడం వాడుకైనా, అది ఊమైసీట్ల వర్గానికి చెందింది. అందుకే కాండం కుళ్ళుకు వాడే కార్బెండజిమ్ దీనిపై పనిచేయదు. చౌకగా దొరికిందని దాన్ని కొడితే మందూ కూలీ రెండూ దండగే. దీనికి మెటలాక్సిల్ కావాలి.

ఖర్చు లేని పనులు ముందు చేసుకోవాలి. అదనులో విత్తాలి. ఉబ్బిన పూగుత్తులను తుంచి తగలబెట్టాలి. వాటిలోని తెగులు సిద్ధబీజాలు నేలలోనూ, విత్తనంతో కలిసీ మరుసటి పంట దాకా బతికి ఉంటాయి. ఏటా అదే చేలో ఆవ వేయకూడదు.

తర్వాతిది విత్తన శుద్ధి. కిలో విత్తనానికి 6 గ్రాముల మెటలాక్సిల్ 35 శాతం పొడి పట్టించాలి. హెక్టారుకు 5 కిలోల విత్తనమైతే 30 గ్రాముల మందు సరిపోతుంది. లేత దశలో మొక్కకు ఇది కాపు.

పిచికారీకి మెటలాక్సిల్ 8 శాతం, మాంకోజెబ్ 64 శాతం కలిసిన మందును లీటరు నీటికి 2.5 గ్రాముల చొప్పున కలపాలి. హెక్టారుకు 500 లీటర్ల నీరు వాడితే 1.25 కిలోల మందు పడుతుంది, కూలి అదనం. కనుక తేదీ చూసి కాక, తొలి పొక్కులు కనబడి, వాతావరణం చల్లగా, తేమగా ఉన్నప్పుడే కొట్టాలి. మెటలాక్సిల్‌ను ఒంటరిగా పదేపదే చల్లితే తెగులు దానికి లొంగకుండా పోతుంది. మాంకోజెబ్ జతైతే ఆ ముప్పు తగ్గుతుంది.

లాభం లెక్కలో మందు ధర, కూలి ఒకవైపు. పిచికారీ వల్ల అదనంగా దక్కిన గింజల విలువ మరోవైపు. రెండో పిచికారీని మొదటిదానితో కలిపి కాక, విడిగా లెక్కగట్టాలి. దాని ఖర్చు అది కాపాడే గింజల విలువను మించితే, చేలో కొన్ని పొక్కులు మిగిలినా మందు కొట్టకపోవడమే లాభం.