పట్నపు తెలుగు – కాశీయాత్ర చరిత్ర

మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే విద్యార్థికి రెండు తెలుగులు ఎదురవుతాయి. మెరీనా ఎదుటి ప్రాంగణంలో, తరగతి గదిలో నేర్చేది ఒకటి. వెనుక ట్రిప్లికేను సందుల్లో, అంగళ్ల దగ్గర తమిళంతో కలిసి వినిపించేది మరొకటి. మొదటిది ప్రమాణమనీ, రెండవది చెడిపోయిన ‘అరవ తెలుగు’ అనీ మనలో చాలామంది అభిప్రాయం. ఈ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను ముందుంచుకొని పరిశీలించవచ్చు.

వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న పట్నం చేరారు. ఆయన రాసిన యాత్రావిశేషాలను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారు 1838లో అచ్చువేయించారు. ఆ ఇంటిపేరులోని ఊరు నేటి పుదుప్పేట పక్కన, కూవం ఒడ్డున ఉన్న పేటే.

ఒకరి మాటను మరొక భాషలో చెప్పడం వీరాస్వామయ్యగారి వృత్తి. ఆ అలవాటు గద్యంలోనూ కనిపిస్తుంది. కుంఫిణీ, సవారి, ఠాణా వంటి మాటలు సంస్కృత సమాసాల పక్కనే ఇమిడిపోతాయి. మాట ఎక్కడిదైనా దానికి చేరే విభక్తి తెలుగుదే, వాక్యాన్ని ముగించే క్రియా తెలుగుదే. భాష చెడిందనడానికి ఇది గుర్తు కాదు, జీర్ణశక్తికి గుర్తు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరిగింది: మద్రాసు తమిళంలోని ‘నైనా’ మన ‘నాయన’ నుంచి వెళ్లినదే.

చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో, ‘బాలవ్యాకరణం’ ఆ తరువాత, ఈ పట్నంలోనే వెలువడ్డాయి. అంటే ఒకే నగరం రెండు గద్యాలను ఇచ్చింది. సూరి గద్యం చాలాకాలం పాఠశాలలను ఏలింది. వీరాస్వామయ్యగారి గద్యం యాత్రాసాహిత్యమనే అరలోకి చేరింది.

అయితే ఈ గ్రంథానికీ హద్దులున్నాయి. ఇందులోని చూపు సవారీలో కూర్చున్నవారిది, మోసే బోయీలది కాదు. నేటి చెన్నైలోనూ పారిశుద్ధ్య కార్మికులలో ఇంట తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వారి తెలుగు మన పాఠ్యప్రణాళికలో ఎక్కడుంది?

1953లో పట్నం మనకు దక్కలేదని చింతించేవారు, ఇక్కడే మిగిలిన ఈ తెలుగును మాత్రం వినలేదు. ఆ పని ఇక్కడి విద్యార్థులే చేయగలరు. కాశీయాత్ర చరిత్రను ఒక పాఠంగా, ప్రాంగణం వెనుక వీధిని మరొక పాఠంగా తీసుకుని చదివితే, తమ ఇంటి తెలుగు గురించి సంకోచించవలసిన పని లేదని వారికే తెలుస్తుంది.