కారు కావాలా, పని కావాలా?

కదలని కారు ఒకటి ఇంటి ఆవరణలో ఉందంటే దాని గురించి అందరికీ ఒక మాట ఉంటుంది. పాత ఇనుము కొనే అబ్బాయి గేటు బయటి నుంచే బేరం చెబుతాడు. మేనమామ "మీ నాన్న కారురా, అమ్మకు" అంటాడు. ఇంట్లోవాళ్లు ఆ చోటు ఖాళీ అయితే ఏమేం పెట్టుకోవచ్చో లెక్కలు వేస్తారు. ముగ్గురు చెప్పేదీ సబబుగానే ఉంటుంది కాబట్టి ఎటూ తేలదు. అమ్మాలా, ఉంచుకోవాలా అన్న దగ్గర మొదలుపెడితే ఏళ్లు గడిచినా తేలదని నా నమ్మకం. అంతకంటే ముందు ఎవరికి వారు తేల్చుకోవలసింది ఒకటుంది: నాకు కావలసింది కారా, కారు మీద చేసే పనా?

మా షెడ్డులో ఉన్నది ప్రీమియర్ పద్మిని. మన ఊళ్లలో అందరూ ఫియట్ కారనే అనేవారు. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 ఆధారంగా, వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో దీన్ని తయారు చేసింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం ఎదురుచూసిన రోజుల్లో డాక్టర్లు, ప్లీడర్లు, వ్యాపారస్తులు కొనుక్కున్న బండి. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. నలుపు పసుపు టాక్సీలుగా బొంబాయిలో ఇంకొంతకాలం తిరిగాయి. ఆఖరి టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. అక్కడ టాక్సీకి వయసు పరిమితి 20 ఏళ్లు కావడంతో 2023 అక్టోబరుతో అదీ రోడ్డు దిగిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా మనలాంటి వాళ్ల షెడ్లలోనూ, చెట్ల కిందా ఉన్నవే.

వీటి మంచిచెడ్డలు బానెట్ ఎత్తి చూస్తే తెలియవు. విజయవాడ ఆటోనగర్ నుంచి మా మేస్త్రీ కారు చూడ్డానికి వచ్చినప్పుడు ఇంజను వైపు వెళ్లనే లేదు. డ్రైవరు కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాటు లాగి బయట పడేశాడు. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరు మీద కొడుతూ అంగుళం అంగుళం జరిగాడు. మంచి రేకు ఖంగుమంది. తుప్పు తిన్న చోట చప్పుడు మందగించింది. క్లచ్ పెడల్ కింద మొనతో ఒత్తగానే గోధుమరంగు పొరలు రాలి, కింద నేల కనబడింది. తరవాత జేబులోంచి అయస్కాంతం ముక్క ఒకటి తీసి తలుపుల కింది అంచుల మీదా, మడ్‌గార్డుల మీదా పాకించాడు. పట్టుకున్నంత మేరా రేకు ఉన్నట్టు. జారిపోయిన చోట పెయింటు కింద ఉన్నది లప్పం.

"ఇంజనుదేముంది సార్, దళసరి ఇనుము. ఎలాగైనా తిప్పొచ్చు. రేకు పోతే కారు పోయినట్టే" అన్నాడు.

"అయితే మనది పోయినట్టేనా మేస్త్రీ?"

"లేదు సార్. జాకీ పెట్టే చోట గట్టిగానే ఉంది. ఇంకో వర్షాకాలం ఇలాగే వదిలేస్తే మాత్రం నేను చెప్పలేను."

ఆయన మాటకు కారణం ఉంది. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింది పట్టీలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన ఒకే బాడీ అది. ప్రయాణికుల బరువూ, గోతుల దెబ్బలూ ఆ రేకే మోస్తుంది. ఇంజను పనికి ముందే ఒక అంచనా వేసుకోవచ్చు: రీబోరు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, లేతు ఖర్చు. టింకరింగ్ అలా కాదు. తుప్పు కోసిన కొద్దీ ఇంకా లోపల ఎంత ఉందో బయటపడుతుంది. అందుకే ఫ్లోరు చూడకుండా ఎవరూ అమ్మనూ కూడదు, ఉంచుకోనూ కూడదు.

మా ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఏళ్లుగా కదలని ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో పట్టేస్తాయి. అలాంటప్పుడు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, నానడానికి వదిలేశాం. అది గోడల వెంట కిందికి దిగినప్పుడల్లా మళ్లీ పోశాం. తరవాత ముందు పుల్లీ నట్టుకు పానా తగిలించి, బలం వాడకుండా అటూ ఇటూ ఒత్తిడి ఇస్తూ వచ్చాను. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. ఒక సాయంత్రం పానా వెంట్రుకవాసి జరిగింది. కంటికి తెలియలేదు కానీ చేతికి తెలిసింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. చివరికి పూర్తి చుట్టు తిరిగింది. ఆ పూట నా మనసులో ప్రయాణాల ఊసే లేదు. రేపు కార్బొరేటర్ విప్పాలి, పాయింట్లు శుభ్రం చేయాలి, బ్రేక్ సిలిండర్లు చూడాలి అన్నదే ఉంది. నాకు కావలసింది పని అని నాకు అక్కడ తేలిపోయింది.

కారే కావాలనుకునేవాళ్ల లెక్క వేరు. టింకరింగ్, పెయింటింగ్, సీట్లు, క్రోమ్ పని అన్నీ చేయించి తిరుగుతున్న ఫియట్‌ను ఎవరైనా అమ్మితే, పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రావడం అరుదు. కొనేవాడికి ఆ తేడా కలిసొస్తుంది. ఆదివారం పొద్దున కుటుంబాన్ని ఎక్కించుకుని కృష్ణ కరకట్ట మీద తిరగాలన్నదే కోరికైతే, కదలని కారు అమ్మేసి తిరిగే కారు కొనుక్కోవడమే తెలివి. ఆ కోరికలో తప్పేమీ లేదు. దానికి ఏళ్ల శ్రమ అక్కర్లేదు, అంతే.

కారూ వద్దు, పనీ వద్దు, నాన్నగారి గుర్తుగా ఉండాలంటే? ఎక్కువ కార్లు షెడ్లలో ఉండిపోయేది ఈ ఒక్క కారణానికే. మా నాన్నగారు బండి తీసే ముందు ఆయిల్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మట్టం చూడందే తాళం తిప్పేవారు కాదు. అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి జ్ఞాపకం కోసం ఆయన కారును ఎలుకలకూ తుప్పుకూ వదిలేయడం నాకు సమ్మతం కాదు. పని చేయించలేని కొడుకు దగ్గర ఉండటం కంటే, పని చేసే పరాయివాడి దగ్గర ఉండటమే ఆ కారుకు గౌరవం.

ఉంచుకునేవాళ్లు ముందు ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయాలి. అది జిగురుగా మారి జెట్లను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు గొట్టాలూ, పంపులోని డయాఫ్రమూ దానికోసం చేసినవి కావు, మార్చుకోవాలి. గాలి ఆడకుండా టార్పాలిన్ కప్పితే చెమ్మ లోపలే నిలిచి తుప్పు పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకేసారి అంతా విప్పేయకూడదు. విప్పింది బిగించాకే ఇంకోటి విప్పాలి. ఏ నట్టు ఎక్కడిదో రాసి డబ్బాల్లో పెట్టాలి. ముక్కలైన కారులో ఏది పోయిందో కొనేవాడికి తెలియదు కాబట్టి ధర ఇవ్వడు, బిగించడం మనవల్లా కాదు.

ఇక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తరవాత బండి కండిషన్ చూపించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. పెట్రోలు కారుకు 15 ఏళ్లు దాటితే తుక్కే అన్న నిబంధన ఢిల్లీ ప్రాంతానిది, మన రాష్ట్రాల్లో లేదు. ఖర్చు మాత్రం పెరిగింది. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ అదనం. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన బండ్లకే. బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. పెట్రోలు ఖర్చుకు భయపడి అప్పట్లో డీజిల్ ఇంజను దించిన ఫియట్లకు అది అడ్డంకే. ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో వారసుడి పేరుకు మార్చుకోవాలి.

అమ్మేవాళ్లు డబ్బు చేతికి రాగానే పని అయిపోయిందనుకోకూడదు. ఫారం 29, 30 పెట్టి పేరు మారేదాకా ఆ బండితో జరిగే ప్రమాదానికి రికార్డుల్లో ఉన్న ఓనరే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. రేకు పూర్తిగా పోయి తుక్కు తప్పదంటే, గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుని ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి. అలా కాకుండా బాగుచేసే మనిషి దొరికితే నాలుగు డబ్బులు తగ్గినా అతనికే ఇవ్వండి. విప్పిన ప్రతి ముక్కా, పాత బిల్లులతో సహా అప్పగించండి.

నేను ఉంచుకుంటున్నాను. ఫ్లోరు కోసి కొత్త రేకు వేసే పని మొదటిది. ఇంజను, రంగు ఆ తరవాతే. ఈ తొలకరిలోగా వెల్డింగ్ మొదలు కాకపోతే, చేసేవాళ్లకు ఇచ్చేస్తానని ఇంట్లో మాట ఇచ్చాను, దాని మీద నిలబడతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి కారు ఉంటే ఈ ఆదివారం ఒక గంట దానికి ఇవ్వండి. మ్యాటు ఎత్తి ఫ్లోరు కొట్టి చూడండి, ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడండి, కారు కావాలో పని కావాలో ఇంట్లోవాళ్ల ముందే చెప్పండి. ఈ మూడూ తేలాక అమ్మినా, ఉంచుకున్నా ఆ నిర్ణయం మీది అవుతుంది. మీరు తేల్చకపోతే తుప్పు తేల్చేస్తుంది.