బ్యాటరీలో ఊరి వాటా

నా పాత పాఠకులకు నా మెకానిక్ పిచ్చిలు రెండూ కంఠతా వచ్చు. బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీని తిట్టే ముందు ఎర్త్ తీగ విప్పి, కొసలు సాండ్‌పేపర్‌తో రుద్దమనేది ఒకటి. కంపెనీవాడు ఎంత బ్యాటరీ పెట్టాడో అంతే పెట్టమనేది రెండోది. మొదటిదాని మీద ఇంతవరకు ఎవరూ గొడవకు రాలేదు. ఉద్దానం ఉప్పుగాలిలో బండి నడిపేవాడికి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెండోదాని మీదకు ఈ వారం మా మేనల్లుడు వచ్చాడు.

వాడిది వాళ్ళ నాన్న నుంచి వచ్చిన పాత మహీంద్రా జీపు. డీజిలు, ఫోర్ వీలు. అటు మందస కొండల కింద జీడితోటలకూ ఇటు అక్కుపల్లి ఇసకలోకీ తిప్పుతుంటాడు. అందులో ఉన్న డెబ్బై ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ చచ్చిపోతే వంద ఏహెచ్‌ది పెట్టిస్తానని బయల్దేరాడు. మొదట వెళ్ళిన దుకాణంలో కొత్త బ్యాటరీ పాత ట్రేలో పట్టలేదు. సగం ట్రేలో, సగం గాలిలో పెట్టి "సైకిల్ ట్యూబుతో కట్టేస్తాను, కదిలితే నన్నడగండి" అన్నాడట దుకాణంవాడు. ఆ మాట విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సైకిల్ ట్యూబు మన జిల్లాలో సర్వరోగ నివారిణి. పగిలిన బంపరుకు అదే, ఊడిన సైలెన్సరుకు అదే. కానీ బ్యాటరీ దగ్గర దాని ఆటలు సాగవు. బ్యాటరీ లోపల ఉండేది సీసం పలకలు. వాటికి పూసిన మందు కుదుపుకు కొంచెం కొంచెం రాలి అడుగున చేరుతుంది. చేరి చేరి రెండు పలకల మధ్య వంతెన కడితే ఆ సెల్ షార్టయిపోయినట్టే. గతుకుల్లో తిరిగే బండ్ల బ్యాటరీలను చంపడంలో ఎండ ఎంతో కుదుపూ అంతే. పైగా పెద్ద బ్యాటరీ అంటే బరువు ఎక్కువ. కట్టు ఊడి అది పక్కకు ఒరిగి, ప్లస్ టెర్మినల్ బానెట్ రేకుకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆనక ఏమవుతుందో రాయక్కర్లేదు.

అసలు పెద్దది ఎందుకన్నది నా ప్రశ్న. మావాడు అడిగాడు, "ఏటి మావయ్యా, బ్యాటరీ పెద్దదైతే సెల్ఫ్ మోటారు కాలిపోద్దా ఏటి?" అని. కాలిపోదు. రెండూ పన్నెండు వోల్టులవే అయినప్పుడు సెల్ఫ్ తనకు కావలసిన కరెంటే లాక్కుంటుంది, బ్యాటరీ పెద్దది కదా అని ఎక్కువ తాగదు. డైనమోకూ ముప్పేమీ లేదు. బాగా దిగిపోయిన పెద్ద బ్యాటరీని నింపడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. భయం లేదు సరే, అవసరం ఉందా? పాత డీజిలు ఇంజన్ సెల్ఫ్ మూడువందల ఆంపియర్లు అయిదు సెకన్లపాటు లాగిందనుకోండి. లెక్క కడితే అర ఏహెచ్ కూడా కాదు. డెబ్బైలో అర! రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు ఉన్నది ఆరు వోల్టుల బ్యాటరీ. అది మొరాయిస్తే ముందునుంచి హ్యాండిల్ కొట్టి లేపేవారు. దాని వంశంలో పుట్టిన ఈ జీపుకు వంద ఏహెచ్ ఎందుకు, షోకు కాకపోతే?

అన్నాను గానీ, పని ఎలా జరుగుతుందో చూడకుండా ఉండలేని జబ్బు నాది. వాడి వెంట కాశీబుగ్గ వెళ్ళాను. రెండో మెకానిక్ మాటకారి కాడు. ముందు మైనస్ విప్పాడు, తర్వాత ప్లస్. ఎందుకంటే ప్లస్ ముందు విప్పితే స్పానరు జారి బాడీకి తగలడమే ఆలస్యం, స్పానరు అక్కడే వెల్డింగయిపోతుంది. పాత బ్యాటరీ దించి, తీగల కొసలకు పట్టిన మైలుతుత్తం లాంటి పచ్చబూజును వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగాడు. పాత ట్రే కోసేసి, యాంగిల్ ముక్కలతో కొత్తది వెల్డింగు చేశాడు. అడుగున మందపాటి రబ్బరు పరిచాడు. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

ఆ తర్వాత పక్క టిఫిన్ బండి దగ్గరకెళ్ళి పూరీపిండి ముద్ద అడిగి తెచ్చాడు. బ్యాటరీ కూర్చోబెట్టి, తీగలు తగిలించకముందే రెండు టెర్మినళ్ళ మీదా చెరో ముద్ద పెట్టి బానెట్ మెల్లగా దించాడు. తిరిగి ఎత్తి చూస్తే ప్లస్ మీది ముద్ద రొట్టెలా అణిగిపోయింది. రేకుకూ టెర్మినలుకూ మధ్య వేలి మందం కూడా లేదన్నమాట. గతుకులో బానెట్ ఊగితే అంటుకుంటుంది. మారు మాట్లాడకుండా ట్రే ఊడదీసి ఇంకాస్త కిందకి దించి మళ్ళీ వెల్డింగు చేశాడు. మళ్ళీ ముద్ద. ఈసారి దాని తల మీద గీత కూడా పడలేదు. అప్పుడు పొడవాటి హుక్ బోల్టులు రెండు, పైన అడ్డపట్టీ వేసి బిగించి, పట్టుకుని కుదిపాడు. బ్యాటరీ కదల్లేదు, జీపు కదిలింది. ఆఖర్న ప్లస్, దాని తర్వాత మైనస్, వాటి మీద వాజలీను, ప్లస్ మీద రబ్బరు టోపీ. పిండి ముద్దకు డబ్బులివ్వబోతే టిఫిన్ బండివాడు తీసుకోలేదు.

ఈ బ్యాటరీకి మూతలు లేవు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. మూతలున్న కాలంలో ఇదే బజారులో ఒక దుకాణం కుర్రాడు నాకు చెప్పిన మాట ఉంది. నీళ్ళు తగ్గితే బోరు నీళ్ళు పోస్తానన్నానని వాడు అదిరిపడ్డాడు. "అయ్యబాబోయ్, మన బోరు నీళ్ళా? ప్లేట్లు పాడైపోతాయి సార్, డిస్టిల్డ్ వాటరే పొయ్యండి" అన్నాడు. అదే చేత్తో పక్కన ఉన్న బోరు నీళ్ళ చెంబెత్తి గటగటా తాగాడు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం నీళ్ళేనా మరొకటా అన్నది ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పను. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీటి పథకమూ పలాసలో కిడ్నీ ఆసుపత్రీ మొదలయ్యాయి. అంతకుముందు ఎన్నేళ్ళు బ్యాటరీకి ఒక నీరు, మనకు ఒక నీరు పోసుకున్నామో!

బ్యాటరీ, డయాలసిస్ అన్న రెండు మాటలు పక్కపక్కన పడితే నాకు తిత్లీ తుపానే గుర్తొస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, చీకటిలో, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి ఉద్దానం ఉద్దానంలా లేదు. తాతలనాటి కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. జీడిమామిళ్ళు వేళ్ళతో సహా తిరగబడ్డాయి. పనసల సంగతి చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు రోడ్డుకు అడ్డంగా పడ్డాయి, వాటి మీద చెట్లు, చెట్ల మీద తీగలు. ముఖ్యమంత్రి వచ్చి పలాసలోనే మకాం వేశారు. మా ఊరికి కరెంటు మాత్రం ఇప్పట్లో రాదని మొదటి రోజే అర్థమైపోయింది. ఇన్వర్టర్లు ఉన్నవాళ్ళు మొదటి రాత్రి ఫ్యాను కింద పడుకుని మమ్మల్ని చూసి జాలిపడ్డారు. రెండో రాత్రికి వాళ్ళూ మాలో కలిశారు. నింపే కరెంటే లేనప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఊళ్ళో బ్యాటరీతో పాటు దాన్ని నింపే డైనమో కూడా ఉన్నవి కొన్నే. ఆటోలు, ఒకటో రెండో ట్రాక్టర్లు, మా బావ జీపు. ఆ జీపే ఇప్పుడు నేను చెబుతున్న జీపు. అరుగు ముందు నిలబెట్టి, బానెట్ ఎత్తి, టెర్మినళ్ళకు తీగలు తగిలించి ఛార్జర్లు వేశాం. కబురు అరగంటలో పాకిపోయింది. ఫోన్ల మీద పేర్లు రాసిన చీటీలు రబ్బరు బ్యాండ్లతో చుట్టి తెచ్చేవాళ్ళు. సిగ్నల్ లేదు కదా, ఛార్జింగు దేనికి అంటే, హైవే దాకా నడిచి వెళితే ఒకటో రెండో గీతలు దొరుకుతున్నాయట. చెన్నైలో కొడుకు, హైదరాబాదులో అల్లుడు, గల్ఫులో తమ్ముడు, అందరూ టీవీలో పలాస పేరు విని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు. రాత్రిళ్ళు అదే బ్యాటరీకి ఒక బల్బు కూడా తగిలించాం. దాని కింద చుట్టుపక్కల ఇళ్ళన్నీ వండుకున్నాయి.

అలా ఉండగా ఒక తెల్లవారుజామున పక్కవీధి పెద్దాయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఒక డయాలసిస్ తప్పింది, మనిషికి ఆయాసం మొదలైంది, పలాస తీసుకెళ్ళాలి. అంబులెన్సు వచ్చే దారి లేదు, ఇసకలోంచి తోటలమ్మట జీపొక్కటే పోగలదు. బావ తాళం తిప్పాడు. టక్ మంది. అంతే. హీటర్ ప్లగ్గులకే సరిపోని కరెంటు సెల్ఫ్‌ని ఏం తిప్పుతుంది? తోద్దామంటే చక్రాలు ఇసకలో. పదిమంది పట్టి తోసినా ఇసకలో డీజిలు ఇంజన్ అందుకునే వేగం ఎక్కడిది? చివరికి ఒకాయన ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి భుజాన మోసుకొచ్చాడు. తీగలతో కలిపితే లేచింది. పెద్దాయన పలాస చేరాడు. జీపు వెనక్కొచ్చాక మా బావ తీగలన్నీ పీకేసి బానెట్ మూశాడు. ఎవరి ఫోనూ పెట్టనని చెప్పాడు. చెప్పిన మాట సాయంత్రం దాకా నిలబడింది.

నా సిద్ధాంతం గట్టిపడింది అక్కడే. సెల్ఫ్ బ్యాటరీ సెల్ఫ్ కోసమే. దాని పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి, ఒక్క ఊపున బోలెడు కరెంటు ఇవ్వడానికి. నెమ్మదిగా అడుగంటా లాగడానికి పనికొచ్చేది మందపాటి పలకల ట్యూబులర్ బ్యాటరీ. సెల్ఫ్ బ్యాటరీని పదేపదే అడుగంటా దించితే త్వరగా పోతుంది. కాబట్టి పెద్దది పెట్టినా ఊరు దాన్నీ ఊడ్చేస్తుంది, అంత డబ్బు తగలెయ్యడం దేనికి? ఇదంతా తిరుగు దారిలో మావాడికి గడగడా చెప్పాను. ఆ రోజు జీపు తోసిన చేతుల్లో వాడివీ రెండు ఉన్నాయి. విని అడిగాడు:

"ఆ ట్రాక్టరు బ్యాటరీ ఎంతది మావయ్యా?"

వందకు దగ్గరలోదే. ఒప్పుకోక తప్పలేదు.

ఇంటికొచ్చి కాగితం తీశాం. అప్పటి ఫోను బ్యాటరీలు ఇంచుమించు మూడువేల ఎంఏహెచ్‌వి. ఛార్జరులో పోయేది పోగా, జీపు బ్యాటరీ నుంచి ఒక్కో ఫోను ఒకటింపావు ఏహెచ్ దాకా లాగుతుంది. అంటే ఒక్క ఫోను నింపే కరెంటుతో ఇంజన్‌ని రెండుమూడు సార్లు స్టార్ట్ చెయ్యొచ్చు! పాత డీజిలు నమ్మకంగా లేవాలంటే బ్యాటరీ సగానికి తగ్గకూడదు. డెబ్బైలో సగం ముప్పై అయిదు, ఇరవై ఎనిమిది ఫోన్లు. వందలో సగం యాభై, నలభై ఫోన్లు. తేడా ఒక డజను. ఇంజన్ ఆన్‌లో పెట్టి నింపుకోవచ్చు కదా అంటారు. తుపాను తర్వాత బంకులకూ కరెంటు లేదు, డీజిలు చుక్క దొరకడమే గగనం.

డజను ఫోన్ల కోసం అంత ఖర్చా అని రాద్దామనుకున్నాను, పెన్ను సాగలేదు. ఫోన్లు ఎన్నయినా వస్తాయి, వద్దనే ధైర్యం మా బావకే లేదు, వాడి కొడుక్కి ఎక్కణ్ణుంచి వస్తుంది? కంపెనీవాడు డెబ్బై అన్నది జీపు లెక్క చూసి. ఊరి లెక్క వాడికి తెలియదు. మైదానంలో తిరిగే బండ్లకు నా పాత సలహా అలాగే ఉంచుతున్నాను. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా, సముద్రం వైపు బతికేవాళ్ళు మాత్రం ట్రే సరిగ్గా కట్టించుకోగలిగితే పెద్దదే పెట్టుకోండి. ప్లస్ ఏ పక్క ఉందో చూసి కొనండి, తీగ సాగదియ్యాల్సిన అవసరం పడకూడదు. తయారైన నెల కూడా చూడండి, దుకాణంలో నెలల తరబడి నిద్రపోయిన సరుకు వద్దు. ఇంకొకటి, సిగరెట్ లైటరు కన్నంలో పెట్టుకునే చిన్న వోల్టు మీటరు ఒకటి కొనండి. ఇంజన్ ఆపి కాసేపయ్యాక పన్నెండు పాయింట్ ఆరు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, పన్నెండు పాయింట్ రెండుకు దిగితే సగమైపోయినట్టు. అక్కడ తీగ పీకెయ్యాలి. మీటరు చూపించి లేదనడం, నోటితో లేదనడం కంటే తేలిక.

మేం ఈ లెక్కల్లో ఉండగానే పక్కింటి పిన్ని వచ్చింది. కొత్త బ్యాటరీ కబురు అప్పుడే చేరిపోయింది మరి.

"ఒరే, ఈసారి తుపానొస్తే దీంతో మన బోరు మోటారు తిరుగుద్దా?"

తిరగదన్నాడు మావాడు. ఒక హెచ్‌పీ మోటారుకే దాదాపు 750 వాట్లు కావాలి, పన్నెండు వోల్టుల మీద అరవై ఆంపియర్ల పైమాటే, గంటలోపే సగానికి దించేస్తుంది, దానికి తిత్లీ అప్పటిలా అద్దె జనరేటరే గతి అని వివరించబోయాడు. ఆవిడ వినలేదు.

"మోటారు తిరగనప్పుడు అంత పెద్దది దేనికిరా నాయనా? డబ్బు దండగ."

వాడు నా వైపు చూశాడు. పెద్ద బ్యాటరీ తరఫున వాదించే పని నా మీద పడింది. ఏహెచ్‌లు, సగాలు, డజను ఫోన్లు అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, కొంగు ముడిలోంచి తన ఫోను తీసింది.

"బాగానే ఉందిగానీ, నాది సన్నపిన్ను. మీ దగ్గర సన్నపిన్ను ఛార్జరు ఉన్నాదా, నేదా?"

లేదు. కొనాలి.