మందు కూరే బల్ల ఇంట్లో వద్దు

దసరా వెళ్లిందంటే గోదావరి జిల్లాల్లో కొన్ని ఊళ్లలో ఇళ్ల వసారాలు పనిచోట్లుగా మారిపోతాయి. మట్టి బుడ్లు, మతాబుల గొట్టాలు, జల్లెడలు, తక్కెడ, పాత వార్తాపత్రికల కట్టలు అక్కడికి చేరతాయి. తాతల నాటి నుంచి తెలిసిన పని. చిచ్చుబుడ్డి కూరడం చూడండి. బుడ్డిని బోర్లించి పట్టుకుంటారు. కొన దగ్గరున్న సన్నటి రంధ్రాన్ని కాగితంతో మూసి, అడుగు వైపు నుంచి కొంచెం కొంచెంగా మందు పోస్తూ కర్రతో అదుముతారు. నిండాక తడి మట్టి మెత్తి ఆరబెడతారు. అదుము చాలకపోతే మందు ఒక్కసారిగా అంటుకుని బుడ్డి పగిలిపోతుంది. అదుము సరిపోతే పువ్వు నిలకడగా లేచి చివరిదాకా విరుస్తుంది. ఎంత అదమాలన్నది చేతికి తెలియాల్సిందే, కొలత చెప్పి నేర్పగలిగేది కాదు. ఈ పనితనాన్ని నేను గౌరవిస్తాను. బతకాలని కోరుకుంటాను కూడా. అందుకే ఇది ఇంట్లో జరగకూడదంటున్నాను. మందుగుండు పనిలో మనిషి ప్రాణం కాపాడేది చేతి నేర్పు కన్నా పనిచోటు అమరిక.

జరిగినవి చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు రోజుల ముందు, ఉప్పాడ తీరానికి దగ్గర్లోని వాకతిప్పలో మందుగుండు తయారీ కేంద్రం పేలి పది మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది రోజుకూలీకి వచ్చిన ఆడవాళ్లు. 2022 నవంబరులో తాడేపల్లిగూడెం మండలం కడియద్దలో పేలుడు. 2024 దీపావళి ముందు రోజు ఉండ్రాజవరం మండలం సూర్యారావుపాలెంలో తయారీ షెడ్డు మీద పిడుగు పడి ఇద్దరు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. ఆ మర్నాడే ఏలూరులో స్కూటరు గోతిలో పడి, దాని మీద తీసుకెళుతున్న ఉల్లిపాయ బాంబుల సంచి జారి పేలడంతో ఒకరు చనిపోయారు. 2025 అక్టోబరు 8న కోనసీమలోని రాయవరంలో మరో పేలుడు. అక్కడ చనిపోయినవారిలో యజమానీ ఉన్నారు. ఈ పని తెలియనివాళ్లు చేయబట్టే ఇలా జరిగిందని అనడానికి లేదు. తెలిసినవాళ్లూ పోయారు. పిడుగుకు పనితనం అడ్డు రాదు. గోతిలో పడ్డ స్కూటరు చక్రాన్ని సంచిలోని బాంబులు చుట్టిన చెయ్యి ఆపలేదు.

మందు స్వభావమే దీనికి కారణం. కట్టెల పొయ్యి మీద గోనె కప్పితే గాలి ఆడక మంట ఆరుతుంది. సూరేకారం కలిసిన మందు అలా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. తలుపు మూసినా ఇసుక పోసినా అది తన పని తాను చేసుకుపోతుంది. రాపిడి, దెబ్బ, ఒంటి మీది నైలాను బట్టలో పుట్టే చిన్న విద్యుత్తు మెరుపు, ఏదైనా చాలు అంటుకోవడానికి. ఒకసారి అంటుకున్నాక మనిషి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అప్పటికి ఆ చోట ఎంత మందు ఉంది, ఎందరు మనుషులున్నారు, పక్క కుప్ప ఎంత దూరంలో ఉంది అన్నవే ఎందరు మిగులుతారో తేలుస్తాయి. ఈ మూడూ పని మొదలుపెట్టక ముందే తేల్చుకోవాల్సినవి. మన డెల్టాలో వీటికి వాన కూడా తోడవుతుంది. దీపావళి వచ్చేది వాయుగుండాల కాలంలో. వాకతిప్ప దుర్ఘటనకు ఎనిమిది రోజుల ముందే హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. అల్యూమినియం పొడి కలిసిన మందుకు తడి తగిలితే లోలోపల వేడి పుట్టి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. ముసురు పట్టిన రోజుల్లో బయట ఎండ ఉండదు, పండగ ముంచుకొస్తుంటుంది, ఆరని సరుకంతా ఇంటి చూరు కిందికే చేరుతుంది. ఆ ఇంట్లోనే పొయ్యి వెలుగుతుంది, పిల్లలు పడుకుంటారు. కొబ్బరి తోటల మధ్య గోడకు గోడ ఆనుకున్న మన ఇళ్లలో పక్కింటి వాళ్లు కూడా తమకు తెలియకుండానే ఆ ప్రమాదంలో భాగస్థులవుతారు.

పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది, ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు 2008 నాటివి. ఒక్కసారికి 15 కిలోలు మించని తయారీకి జిల్లా యంత్రాంగం లైసెన్సు ఇస్తుంది. అంతకు మించితే కేంద్ర ప్రభుత్వ పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇవ్వాలి. ఒక్కో షెడ్డులో నలుగురికి మించి పనివాళ్లు ఉండకూడదు, షెడ్డుకీ షెడ్డుకీ ఎడం ఉండాలి, మందు తగిలే చోట ఇనుప పనిముట్లు వాడకూడదు. గంధకంతో క్లోరేటు కలపడాన్ని 1992లోనే నిషేధించారు. వీటిలో దాదాపు ప్రతి ఒక్కటీ చోటు గురించో, పరిమాణం గురించో, పక్కపక్కన ఏవి ఉండకూడదన్న దాని గురించో చెబుతుంది. ఈ నియమాలను మనవాళ్లు గుమాస్తా కాగితాలుగా చూస్తారు. నాకు మాత్రం ఇవి ప్రాణాలు పోగొట్టుకున్న పనివాళ్ల అనుభవమంతా కూడబెట్టి రాసిన పనిపాఠంలా కనిపిస్తాయి.

అమెరికాలో గురి పోటీలకు వెళ్లేవాళ్లు ఇంట్లోనే బల్ల వేసుకుని కాల్చిన తూటాలను మళ్లీ నింపుకుంటారు కదా, వాళ్లకు లేని ప్రమాదం మనకెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, ఆ సంగతి వేరు. అసలు ఆ బల్ల మీద జరిగేదేమిటో చూడాలి. అక్కడ ఎవరూ మందు కలపరు. ఫ్యాక్టరీలో తయారై సీసాలో వచ్చిన మందును తూచి పోస్తారు, అంతే. పిస్తోలు తూటాకు గ్రాము లోపు పడుతుంది. ఆ పొగరాని మందు బయట పోసి అంటిస్తే భగ్గున మండుతుంది గానీ, మన బాంబుల మందులా కుప్పగా ఉన్నప్పుడు పేలదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన దశ ఎక్కడో దూరంగా, దళసరి గోడల మధ్య ముగిసిపోయింది. అయినా ఆ బల్ల దగ్గర కూడా ఒకేసారి రెండు రకాల మందు సీసాలు ఉంచుకోరు, పేలుడు టోపీలను వాటి డబ్బాల్లోంచి తీసి కుప్పగా పోయరు, నిప్పును దరిచేరనివ్వరు. మన వసారాలో కలపడం, జల్లించడం, కూరడం, ఆరబెట్టడం, మూట కట్టడం అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. ఆ బల్లను ఆదర్శంగా తీసుకుంటే దాని క్రమశిక్షణను కూడా తీసుకోవాలి. అలా తీసుకున్న రోజున ఇంట్లో మందు కలపడం తనంతట తానే ఆగిపోతుంది.

రాయవరంలో పేలిన కేంద్రానికి లైసెన్సు ఉంది కదా, మరి లైసెన్సు ఏం కాపాడింది అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే, కాగితం ఎవరినీ కాపాడదు. లైసెన్సు వచ్చాక అనుమతించిన పరిమాణం, మనుషుల సంఖ్య పండగ ఒత్తిడిలో కూడా పాటిస్తున్నారా అని నెలనెలా వచ్చి చూసేవాడు ఉండాలి. పేలుడు జరిగాక వచ్చే తనిఖీల వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. నియమం అమలు కావడం లేదు కాబట్టి నియమమే వద్దనడం మాత్రం కుదరదు. శివకాశి సరుకు కొనుక్కుంటే పోదా అనేవాళ్లూ ఉన్నారు. అక్కడా ప్రతి ఏడూ పనివాళ్లు చనిపోతున్నారు. ప్రమాదాన్ని పక్క రాష్ట్రపు కూలీల నెత్తిన పెట్టి మనం చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు.

మిగిలింది కూటి ప్రశ్న. నాట్లకూ కోతలకూ నడుమ కూలి దొరకని వారాల్లో ఈ పనికి వచ్చే ఆడవాళ్లకు ఆ డబ్బు ఇల్లు గడవడానికి. ఒక్కో కుటుంబం ఊరికి దూరంగా పొలం కొని, విడివిడి షెడ్లు వేయగలదా? డెల్టాలో ఎకరం ధర తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. కాబట్టే ఈ భారం కుటుంబాల మీద వదిలేయకూడదు. చేపలు ఎండబెట్టుకోవడానికీ ధాన్యం ఆరబోసుకోవడానికీ ఉమ్మడి కళ్లాలు కట్టిస్తున్న ప్రభుత్వం, మండలానికొక ఉమ్మడి మందుగుండు పనిచోటును కట్టించలేదా? జనావాసాలకు ఎడంగా, పిడుగు నుంచి రక్షణతో, కలిపే గది, కూరే గది, ఆరబెట్టే అరుగు దేనికది విడిగా ఉండాలి. ఉదయం తూచి ఇచ్చిన మందే ఆ రోజుకు వాడాలి. పనికి వచ్చే ప్రతి మనిషికీ బీమా ఉండాలి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాల కలెక్టర్లు అనుకుంటే వచ్చే దసరాకు ముందే కనీసం ఒక్కోటి చొప్పున మొదలుపెట్టవచ్చు. మీ వీధిలో ఎవరైనా ఇంట్లో మందు కలుపుతున్నారని తెలిస్తే, ముందు ఆ ఇంటి పిల్లలను ఆ చూరు కింద పడుకోనివ్వకండి. తర్వాత ఆ ఇంటి పెద్దలను వెంటబెట్టుకుని గ్రామసభకు వెళ్లి, వాళ్ల తరఫున ఆ ఉమ్మడి పనిచోటు అడగండి.