అడగకుండా అందే ఆసరా

మీద పడిన పని ఎంత అన్నదానితోపాటు, ఆ పని చేసే మనిషికి పక్కన ఎవరున్నారన్నది కూడా ఉద్యోగ ఒత్తిడిలో లెక్కకు వస్తుందని 1980ల నాటి పరిశోధనలు చూపాయి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో వెలువరించిన గ్రంథంలో తోటివారి ఆసరాను నాలుగు విధాలుగా విభజించి, పనిలో సాయపడటం, సమాచారం అందించడం, పనితీరు ఎలా ఉందో చెప్పడం అనే మూడింటి సరసన మానసిక ఆసరాను, అంటే ఎదుటివారి బాధను నమ్మి, ఓపికగా విని, ఆదరం చూపడాన్ని నిలిపారు. జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ 13,779 మంది స్వీడన్ ఉద్యోగుల వివరాలతో 1988లో ప్రచురించిన అధ్యయనంలో, పనిభారం ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు లేక, తోటివారి ఆసరా కూడా కరువైనవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు అధికంగా కనిపించాయి.

అయితే ఆదరం చూపే తీరులోనే అసలు నేర్పు ఉంది. నయల్ బోల్జర్ బృందం 2000లో, న్యూయార్క్ న్యాయవాద పరీక్షకు సిద్ధమవుతున్నవారి చేత, వారి జీవిత భాగస్వాముల చేత రోజూ డైరీలు రాయించగా, ఇచ్చినవారు ఇచ్చామని రాసినా పుచ్చుకున్నవారు గమనించని ఆసరాయే దిగులును ఎక్కువగా తగ్గించిందని తేలింది. పైకి తెలిసేలా చేసే సాయం, తాను చేతకానివాడిననే భావన కలిగించి, ఒక్కోసారి మరింత కుంగదీస్తుంది. నైట్ డ్యూటీలో రోగి కన్నుమూసిన తర్వాత, కుంగిన తోటి నర్సుకు ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, "ఈ బెడ్ నేను చూస్తాలే, నువ్వెళ్లి టీ తాగి రా" అనే సీనియర్ నర్సు ఈ విద్యలో ఆరితేరినవారే. ఆ నాలుగు మాటల్లో జాలి లేదు, తప్పొప్పుల విచారణ లేదు, బాధపడే హక్కును గుర్తించడం మాత్రం ఉంది.

తోటివారితో కలిసి ఒకే కష్టాన్ని పదేపదే తవ్వుకోవడం వల్ల ఇద్దరి మనసూ బరువెక్కుతుందన్నది కూడా నిజమే. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరికి అప్పగించి, ఆ లోటును తోటివారి ఆత్మీయతతో పూడ్చుకోమనే యాజమాన్యపు ధోరణి; ఖాళీ పోస్టులు భర్తీ కాని వార్డులో టీకి పంపడానికి రెండో నర్సే ఉండదు.