తీర్థకాకశబ్దవిచారము

గురుకులమున క్రొత్తగా జేరిన విద్యార్థి యచట కుదురుకొనుట కష్టమని వైయాకరణులెఱుగుదురు. ఎఱిగియు వానిని బరిహసించిరి. రేవున వ్రాలిన కాకి చిరకాలమచట నిలువదు. అట్లే గురుకులములకేగి స్థిరముగా నుండనివాడు తీర్థకాకమని భాష్యకారుడు వివరించెను. చదువు ముగియకయే, గురువుల యనుజ్ఞ లేకయే మంచమెక్కినవాడు ఖట్వారూఢుడు. కాశికావృత్తియందు మఱియొక వర్గము గలదు. అన్నమునకై పాణినీయమున జేరినవారు ఓదనపాణినీయులు. నేతికై చేరినవారు ఘృతరౌఢీయులు. కంబళికై చేరినవారు కంబలచారాయణీయులు.

ఈ యుదాహరణములను నవ్వుచు బోధించుట పాఠశాలలయందాచారము. సమాసవిధి బోధింపబడుచున్నది, నింద యుక్తమా యను ప్రశ్న మాత్రము పుట్టుట లేదు. శాస్త్రమే యీ ప్రశ్నకు దారి చూపుచున్నది. ఓదనపాణినీయాది శబ్దములందు నింద తోచునపుడు పూర్వపదమాద్యుదాత్తమగును. నింద లేనిచో సామాన్యవిధిచే సమాసమంతోదాత్తము. అక్షరములలో భేదము లేదు, స్వరముననే భేదము. "అన్నము దొరకుచోట జదువుకొనువాడు" అను స్థితికథనమును, "అన్నమునకై చదువు నటించువాడు" అను దూషణమును వేఱుపఱచునది యుచ్చారణ మొక్కటియే. నేటి వాడుకలో నా స్వరము లోపించినది. కావున నిందయా, స్థితికథనమా యను నిర్ణయము పలుకువాని విచక్షణకు మిగిలినది.

ఈ శబ్దములకు దగిన యొఱపురాయి టంగుటూరి ప్రకాశము పంతులుగారి స్వీయచరిత్రమగు "నా జీవితయాత్ర". 1872లో ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జనించిన ఆయన బాల్యముననే తండ్రిని గోల్పోయెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్లయిల్లు నడపిరి. ఆ వృత్తికి నాడు గౌరవము లేదు. ఆ రాబడి చాలక బాలుడు వారములు చేసికొని చదివెను. పరీక్షారుసుము 3 రూపాయలకై తల్లి పట్టుచీర తాకట్టు పెట్టవలసివచ్చెను. నాటకములపై వ్యామోహము, అల్లరి సహవాసము ఆయనకు గలవు. నాటి యొంగోలున నొక పండితుడు కాశికను జేతబట్టి చూచినచో ఓదనపాణినీయుడనియు, తీర్థకాకమనియు నొక్క బాలునకే రెండు పేరులు పెట్టియుండును.

ఆ బాలుని నిలిపినదేది? ఉపదేశము కాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు రాజమహేంద్రవరమునకు బోవుచు శిష్యుని వెంట గొనిపోయెను. అచ్చట చదువునకు వలయు నాధారము కల్పించెను. కాకి యెగిరిపోవునని నిందింపక గురువే కాకికి గూడు కట్టెను. ఆ విద్యార్థియే 1946లో మదరాసు రాష్ట్రమునకు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను. అట్టి పదవి యబ్బకున్నను ఆ గురువు చేసినది యుక్తమే యగును.

ఇది గతించిన కథ యని త్రోసివేయరాదు. గుంటూరున 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసినది మొదలు ఆ పట్టణము నల్లరేగడి పల్లెల పిల్లలను జదువునకు రప్పించుకొనుచున్నది. నేటి గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాలలో జూన్, జూలై మాసములు ప్రత్తివిత్తులు నాటుకాలము. ఆ వెంటనే మిరపనారు పోయుదురు. కళాశాలల రుసుములు, వసతిగృహముల బాకీలు ఆ నెలలలోనే మీద బడును. ప్రత్తితీత కార్తికము దాటినగాని సాగదు. మిరపకాయలు కల్లమున నెండి గుంటూరు మార్కెట్ యార్డునకు జేరుట మాఘఫాల్గుణములనాటి మాట. పెట్టుబడి దినములలో బిడ్డను బంపిన తండ్రికి పంట చేతికి వచ్చువఱకు నప్పే గతి. ప్రథమసంవత్సరమున నడుమనే యూరికి మరలిన పిల్లవానిని "చదువుపై శ్రద్ధ లేదు" అని యుపాధ్యాయుడు తేల్చినచో, అది యాద్యుదాత్తముగా బలికిన మాట.

శ్రద్ధలేనివారు లేరని కాదు. ఖట్వారూఢులు నేడును గలరు. వారియెడ భాష్యకారుని మాట చెల్లును. కాని నిందకు ముందు విచారము వలయును. మంచమే దొరకనివానిని ఖట్వారూఢుడనుటయు, కూటికై వెదకువానిని ఓదనపాణినీయుడనుటయు శాస్త్రమునకే యపచారము.

శిష్యునకు శాస్త్రమునందు అంతేవాసి యను పేరు గలదు. సమాసమున విభక్తి లోపించుట సామాన్యము. ఈ శబ్దమునందో సప్తమి లోపింపక నిలిచియున్నది. ఆ సప్తమి యధికరణమును దెలుపును, అధికరణమనగా నుండుచోటు. పండితులు తమ పాఠశాలలలో తీర్థకాకశబ్దమును వివరించునపుడు అంతేవాసిశబ్దమును గూడ వెంటనే వివరించుట మేలు. ఉండుచోటు చూపనిదే యంతేవాసి లేడు; అంతేవాసి లేనిచోట గురుశబ్దమునకును బ్రవృత్తి లేదు.